గ్రైండర్ చప్పుడుకి ఇల్లు తాకట్టా?

ప్రశ్న: సార్, మాది పెరంబూర్. తాతగారి రోజుల్లో గూడూరు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడ్డాం. నాన్న రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐ.సి.ఎఫ్.లో, పెట్టె గుల్లలు కట్టే షెల్ డివిజన్‌లో 33 ఏళ్లు చేసి రిటైరయ్యారు. నేను షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు మాథ్స్, ఫిజిక్స్‌తో ప్లస్ టూ పూర్తిచేశాడు. ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాడు, కీబోర్డులో ట్రినిటీ ఐదో గ్రేడు అయింది. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ వాడికి మ్యూజిక్ కాంపోజిషన్, సోనిక్ ఆర్ట్స్ బి.ఎ.లో సీటిచ్చింది. ఫీజు, ఖర్చులు అన్నీ కలిపి మూడేళ్లకి కోటి దాటుతోంది. లోనుకి నాన్న ఇల్లు తాకట్టు పెట్టాలి, నేను సంతకం చేయాలి. అమ్మేమో మ్యూజిక్ డైరెక్టర్ కావడానికి లండన్ ఎందుకు అంటుంది. సౌండ్ ఇంజనీరింగ్ అయితే ఉద్యోగమైనా ఉంటుంది కదా అని నా ఆలోచన. నాన్నకి వర్క్‌షాపులో పనిచేసి చేసి ఒక చెవి సరిగా వినపడదు. 'చప్పుళ్లకి చదువేంట్రా, ఆ చప్పుళ్లలోనే నా చెవి పోయింది' అంటారు. తమ్ముడు ఇంట్లో గ్రైండర్‌ని రికార్డు చేసి ఏదో చేశాడు, అదే సంగీతమంటాడు. దాన్ని కూడా పంపుతున్నాను. సంతకం పెట్టమంటారా?

ఒక అక్క, పెరంబూర్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం పక్కన పెట్టి ముందు మీ తమ్ముడు చేసిన ముక్కే విన్నాను. ఉత్తరం చదివాక వింటే ఆ కోటి రూపాయలే చెవిలో గింగుర్లు తిరుగుతాయని భయం. రాత్రి పదిన్నర దాటాక, సాలిగ్రామంలో మా వీధి కాస్త సద్దుమణిగాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడుసార్లు విన్నాను. మొత్తం నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

మొదట వచ్చేది మీ గ్రైండరే, అందులో అనుమానం లేదు. పొత్రం ఒక పక్కకి ఒరిగినట్టుంది, చుట్టుకోసారి 'టక్' మంటోంది. మెకానిక్‌కి చూపించండి. లేదు, ఆగండి, ఇంకోసారి రికార్డు చేసుకున్నాక చూపించండి. మీ తమ్ముడు ఆ 'టక్'ని పట్టుకున్నాడు. మృదంగం చేతులు కదా, టక్కుకీ టక్కుకీ మధ్య అయిదేసి దెబ్బల ఖండ నడక పరిచాడు. తర్వాత అదే రికార్డింగు వేగాన్ని నాలుగో వంతుకి దించాడు. వేగం సగమైతే శ్రుతి ఒక స్థాయి కిందికి పోతుంది, నాలుగో వంతయితే రెండు స్థాయులు. మోటారు రొద అంత కిందికి దిగేసరికి అది గ్రైండరన్న సంగతి మరిచిపోయి, ఏదో పెద్ద తంబురా పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

ఒక నిమిషం యాభై సెకన్ల దగ్గర కరెంటు పోయింది. నిజంగానే పోయింది. వెనకాల మీ అమ్మగారి గొంతు 'అయ్యో, పిండి సగంలో...' అంటోంది. పొత్రం పూర్తిగా ఆగడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. టక్కుకీ టక్కుకీ ఎడం పెరుగుతూ పోయి, ఆఖరి టక్ తర్వాత వీధిలో ఎక్కడో ఆటో హారన్. ఆ తొమ్మిది సెకన్లని మీవాడు ముట్టుకోలేదు. వాడి వయసులో నేనైతే కత్తిరించి పారేసేవాణ్ణి, టేకు పాడైందని తిట్టుకునేవాణ్ణి కూడా.

మూడో నిమిషం దాటాక మాత్రం చెడగొట్టాడు. ఇంతసేపూ గ్రైండరేనా అని వినేవాళ్లు అనుకుంటారని బెదిరినట్టున్నాడు. ఎక్కడిదో ఒక వేణువు శాంపిల్ తెచ్చి అతికించాడు. దాని మీద రివర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని, చారులో నీళ్లు పోసినట్టు. ఆ తొమ్మిది సెకన్లు విని నేనయితే సీటిచ్చేస్తాను. ఆ చివరి నిమిషం విని ఇల్లు తాకట్టు పెట్టమని మాత్రం చెప్పలేను.

ఇక మీ ఉత్తరం. అమ్మగారు మ్యూజిక్ డైరెక్టర్ అంటున్నారు, మీరు సౌండ్ ఇంజనీరింగ్ అంటున్నారు, నాన్నగారు చప్పుళ్లు అంటున్నారు. మీ తమ్ముడు అడుగుతున్న చదువుకి మీ ముగ్గురిలో నాన్నగారి మాటే దగ్గరగా ఉంది.

సినిమా పాటకి బాణీ కట్టడానికి ఎవరూ డిగ్రీ అడగరు. అమ్మగారు చెప్పింది అక్కడికి నిజమే. కోడంబాక్కం దారి వేరు. కీబోర్డు వాయిస్తూ ఒకరి దగ్గర చేరి, ప్రోగ్రామింగ్ చేసి, అరేంజ్‌మెంట్లు రాసి, ఆర్‌.ఆర్.‌లో, అంటే నేపథ్య సంగీతం రికార్డింగులో, రాత్రులు మేలుకుని, ఏ పదేళ్లకో సొంత సినిమా దొరికితే దొరుకుతుంది. అయితే ఆ దారిలో వెళ్లినవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని చదువుకున్నారు. ఇళయరాజాగారు మద్రాసు వచ్చిన కొత్తలో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) నేర్చుకున్నారు. ఆ రాయడం వచ్చు కాబట్టే 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీని అక్కడి ఆర్కెస్ట్రా ముందు పెట్టగలిగారు.

కాంపోజిషన్ చదువులో సగం ఈ రాయడమే. మన దగ్గర వాగ్గేయకారుడు పాడి వినిపిస్తాడు, శిష్యుడు పట్టుకుంటాడు. అక్కడ మీరెవరో, మీ రాగమేమిటో తెలియని నలభైమంది మీ కాగితం చూసి వాయించాలి. కాగితంలో లేనిది వాళ్ల చేతుల్లోకి రాదు. నా పరువు పోయిన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక యాడ్‌కి స్ట్రింగ్స్ రాసే పని నా మీద పడింది. రాయడం నాకూ వచ్చులే అని ధైర్యం. స్టూడియో అద్దె గంటల లెక్కన నడుస్తోంది. ముందు వరసలో కూర్చున్న వయొలిన్ ఆయన మూడో బారు దగ్గర కమాను దించేసి, చాలా మర్యాదగా, 'ఈ స్వరం నా వాయిద్యంలో లేదండీ' అన్నాడు. మన కర్ణాటక విద్వాంసులు గాయకుడి శ్రుతికి తగ్గట్టు తీగలు కిందికి దించుకుంటారు. చిన్నప్పట్నించీ నేను చూసిన వయొలిన్ అదే. పాశ్చాత్య పద్ధతిలో అన్నిటికంటే కింది తీగ జి. దాని కిందికి వెళ్లాలంటే వయోలా కావాలి. నేను రాసింది ఆ జి కంటే కింద. ఆ ఒక్క స్వరం దిద్దడానికి మొత్తం వరస ఒక మెట్టు పైకి జరపాల్సి వచ్చింది, నలుగురి కాగితాలూ మళ్లీ రాయాలి. అద్దె మీటరు మాత్రం ఆగలేదు. ఆ రోజు నాకు తెలియనిది ఈ కోర్సు మొదటి ఏడాదిలో చెప్పే పాఠమని తర్వాత తెలిసింది.

రెండో సగం సోనిక్ ఆర్ట్స్. దీనికి తెలుగులో మాట లేదు. 'శబ్దకళ' అనొచ్చు గానీ, పెళ్లిళ్లకి మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం పేరులా ఉంటుంది. అందుకని ఇంగ్లీషు మాటే వాడుతున్నాను. ఇందులో స్వరంతో పని లేదు, చప్పుడే సరుకు. 1948లో పారిస్ రేడియోలో ఇంజనీరుగా ఉన్న పియర్ షాఫెర్ ఒక స్టేషన్‌లో ఆవిరి ఇంజన్ల చప్పుళ్లు డిస్కుల మీద రికార్డు చేసుకొచ్చి, వాటినే కోసి, తిప్పి, పేర్చి ఒక రచన చేశాడు. విజిలు, చక్రాలు, బఫర్లు గుద్దుకోవడం, అంతే. టేపు వాడకం ఇంకా అంతగా రాని రోజులవి. సంగీత చరిత్ర పుస్తకాల్లో ఇవాళ దానికో అధ్యాయం ఉంది. రైలు పెట్టెలు తయారుచేసే ఇంట్లో పుట్టిన కుర్రాడికి ఈ కథ తెలుసో లేదో, అడగండి.

ఇదంతా దొరల గోల, మనకెందుకు అని మీ నాన్నగారు అనకముందే ఇంకో ముక్క. 1952లో అమెరికాలో వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ అనే పియానిస్టు పియానో ముందు కూర్చుని 4 నిమిషాల 33 సెకన్లపాటు ఒక్క మీటా నొక్కకుండా లేచి వెళ్లాడు. అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్ రచన అది. హాల్లో ఆ కాసేపూ వినపడిన గాలీ, వానా, జనం గొణుగుడూ, అదే సంగీతమన్నాడు. ఆ కేజ్ అంతకు ఆరేళ్ల ముందు, 1946లో, అహ్మదాబాద్ నుంచి న్యూయార్క్ వెళ్లిన గీతా సారాభాయ్ దగ్గర మన సంగీతం గురించి నేర్చుకున్నాడు, ఆమెకి బదులుగా తన విద్య చెప్పాడు. ఆ ట్యూడరే 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్.ఐ.డి.కి మూగ్ సింథసైజర్ (కరెంటుతో చప్పుళ్లు పుట్టించే యంత్రం) తెచ్చి స్టూడియో పెట్టాడు. మూడు నాలుగేళ్లపాటు మనవాళ్లు అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. తర్వాత ఆ టేపులు ఆర్కైవ్‌లో దశాబ్దాలు పడున్నాయి. పాల్ పర్గాస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికి తీశాడు, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. మన ఇంట్లో సరుకు గురించి వేరేవాళ్లు వచ్చి చెప్పేదాకా మనకి తెలియకపోవడం నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

ఇంకా పాతదే కావాలంటే మీ ఇంటికి ఉత్తరంగా కొద్ది దూరంలో మనలి. ఇప్పుడు రిఫైనరీ వాసన తప్ప ఏమీ గుర్తురాదు గానీ, ముత్తుస్వామి దీక్షితార్ కుటుంబం అక్కడ ఒక ముదలియార్ ఆదరణలో ఉండేది. కోటలో తెల్లవాళ్ల బ్యాండు విని ఆ మెట్లకి సంస్కృతంలో సాహిత్యం రాశాడాయన. దాదాపు నలభై నొట్టుస్వరాలున్నాయి. ఆయన తమ్ముడు బాలుస్వామి అక్కడే వయొలిన్ పట్టాడు. బయటి చప్పుడు చెవిన పడితే ఏంచేయాలో మద్రాసు ఎప్పట్నుంచో ఆలోచిస్తూనే ఉంది.

మీరన్న సౌండ్ ఇంజనీరింగ్ మూడోది. మైకు ఎక్కడ పెట్టాలి, డైలాగు ఎలా శుభ్రం చేయాలి, మిక్సు థియేటర్లో ఎలా వినపడాలి, ఇలాంటివి. మంచి వృత్తి, నా అన్నం అదే. కాకపోతే వాడు అడుగుతున్నది వేరు. ఇంజనీరు ఆ కరెంటు పోయిన టేకుని పక్కన పెడతాడు. సోనిక్ ఆర్ట్స్ కుర్రాడు దాని చుట్టూ మిగతాది కడతాడు. అయితే ఈ రెండింటికీ పునాది ఒకటే అన్న సంగతి మీకు పనికొస్తుంది, దాని దగ్గరికి వస్తాను.

యూనివర్సిటీల్లో ఏముంటుంది, కోటి ఎందుకు అడుగుతారు అంటారా? బెల్‌ఫాస్ట్‌లో క్వీన్స్ యూనివర్సిటీకి సోనిక్ ఆర్ట్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది. 2004లో జర్మన్ కంపోజర్ స్టాక్‌హౌసెన్ అంతటివాడు వచ్చి ప్రారంభించాడు. అక్కడి హాల్లో నేల ఇనుప జల్లెడ. నడిచేవాళ్ల కాళ్ల కింద కూడా స్పీకర్లుంటాయి, గోడలకీ, పైకప్పుకీ కూడా. వాన కింద నుంచి కురిపించవచ్చు. అలాంటి గదులూ, రాసిన ప్రతి కాగితాన్నీ వాయించి చూపించే వాద్యకారులూ, వారం వారం మీ ముక్కని తోటివాళ్లంతా కలిసి చీల్చి చెండాడే క్లాసూ, వీటికే మీరు డబ్బు కట్టేది. ఆ మూడోదే అన్నిటికంటే విలువైనది. మీవాడి వేణువుని అక్కడ మొదటి వారంలోనే పీకేయిస్తారు. మిగతావి, అంటే హార్మనీ, కౌంటర్‌పాయింట్, ధ్వనిశాస్త్రం, మ్యాక్స్, సూపర్‌కొలైడర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ప్రోగ్రాములు రాయడం, ఇవి సగం ఇక్కడ కూర్చునే నేర్చుకోవచ్చు.

అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. ఇప్పుడు సంతకం పెట్టకండి.

సీటు నాసిరకమనీ కాదు, పిల్లవాడు తగడనీ కాదు. లెక్క కుదరట్లేదు. విదేశీ విద్యార్థికి అక్కడ ఈ కోర్సుల ఫీజు ఏడాదికి 20 వేల పౌండ్లు దాటడం మామూలు. దానిమీద ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జి వీసా అడిగేటప్పుడే మొత్తంగా కట్టించుకుంటారు. బతకడానికి కావలసిన డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా చూపించాలి. మన బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి తాకట్టు అడుగుతాయి, మీవాళ్లు ఇల్లడిగింది అందుకే. డిగ్రీ చేతికొచ్చాక అక్కడ ఉండి పని వెతుక్కునే వీసా గడువు కూడా 2027 జనవరి నుంచి రెండేళ్లు కాకుండా 18 నెలలే. కంప్యూటర్ సైన్స్ చదివినవాడికే ఆ 18 నెలలు చాలకపోవచ్చు. కంపోజర్‌కి మొదటి అయిదేళ్లు వచ్చే ఆదాయం నెలజీతంలా రాదు. ఒక నెల చెరువు నిండుతుంది, తర్వాతి మూడు నెలలు నెర్రెలు. ఇ.ఎం.ఐ.కి ఆ సంగతి తెలియదు. అప్పుడు కట్టేది మీరు. మీ పెళ్లి, మీ ఇల్లు, మీ ఉద్యోగంలో ఒడిదుడుకులు, ఇవేవీ మీ ఉత్తరంలో రాయలేదు, నేనే కలుపుతున్నాను.

అదే ఇక్కడ డిగ్రీ చేసి, ఎం.ఎ.కి అక్కడికి వెళితే ఒక్క ఏడాదే. ఖర్చు మూడోవంతు. పైగా అప్పటికి వాడి దగ్గర వినిపించడానికి పదిహేను ముక్కలుంటాయి. డబ్బిచ్చే సంస్థలు బి.ఎ. పిల్లల వైపు దాదాపు చూడవు. ఎం.ఎ. వాళ్లకి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి రెండేళ్ల పని అనుభవం కావాలి. గ్యారంటీ ఏమీ లేదు, కానీ తట్టడానికైనా ఆ తలుపుంది.

మరి ఇక్కడ ఎక్కడ? వాడు నా సొంత తమ్ముడైతే ముందు తరమణి పంపుతాను. ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ప్రభుత్వ సంస్థ, ఫీజు మీ నెలజీతంతో అయ్యేంత. చెన్నైలో పుట్టి పెరిగినవాడు, తమిళం సమస్య లేదు. వాడి ఫిజిక్స్ వృథా కాదు. అది మీరు కోరిన సౌండ్ ఇంజనీరింగే, కాబట్టి మీకూ నిద్ర పడుతుంది. సోనిక్ ఆర్ట్స్‌కీ దానికీ పునాది ఒకటే అన్నానే, అది ఇదే. చప్పుడు ఎలా పుడుతుంది, గదిలో ఎలా నడుస్తుంది, మైకు దాన్ని ఎలా తింటుంది, ఇవి తెలియకుండా ఏ కళా లేదు. సీట్లు మాత్రం తక్కువ, పోటీ ఉంటుంది.

అది దొరక్కపోతే, లేదా వాడికి కాగితం మీద రాయడం వైపే మనసుంటే, ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. లండన్ మిడిల్‌సెక్స్ యూనివర్సిటీతో కలిసి డిప్లొమాలు నడిపి, కొంత ఇక్కడ చదివి చివరి భాగం అక్కడ పూర్తిచేసే దారి వేసిన సంస్థ. ఈ ఏడు ఆ దారి ఎలా ఉందో, మొత్తం ఎంతవుతుందో వాళ్లచేత ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోను మాట మీద నమ్మకం పెట్టుకోకండి. అక్కడ చేరితే పక్కన ఇగ్నోలోనో మరెక్కడో దూరవిద్యలో ఒక డిగ్రీ కూడా కట్టించండి. రెండు కోర్సులు ఒకేసారి చదవడానికి 2022 నుంచి యు.జి.సి. ఒప్పుకుంటోంది. పైచదువుకి వెళ్లే రోజున ఆ డిగ్రీ కాగితం అడుగుతారు, అప్పుడు తల పట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. ప్రైవేటు అకాడెమీ ఇచ్చే డిప్లొమా ఎంత అందంగా అచ్చేసినా డిగ్రీ కాదు.

మా ఏలూరు పక్క సోమవరప్పాడు నుంచి వచ్చిన ఎల్.వి. ప్రసాద్‌గారి పేరు మీద సాలిగ్రామంలో సినిమా అకాడెమీ ఉంది, పూణెలో కేంద్రప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్.టి.ఐ.ఐ. ఉంది. సౌండ్‌కి ఆస్కార్ తెచ్చిన రసూల్ పూకుట్టి అక్కడివాడే. అక్కడ సౌండ్ చదవాలంటే డిగ్రీ అయ్యాకే. ఇప్పట్నుంచి దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇంగ్లండు వాళ్లకి మర్యాదగా ఒక ఉత్తరం రాయించండి, సీటు ఒక ఏడాది వాయిదా వేస్తారా అని. చాలామంది వేస్తారు. వాడికి ఆ తలుపు మూయలేదన్న ధైర్యం ఉంటుంది. పద్దెనిమిదేళ్లవాడికి 'వద్దు' అని చెప్పడం వేరు, 'ఇప్పుడు కాదు' అని చెప్పడం వేరు. అది కూడా మీ అమ్మానాన్నల చేత కాకుండా మీరే చెప్పండి. సంతకం మీది కదా.

ఈ ఏడాదిలో వాడు చేయాల్సినవి ఉన్నాయి. మొదటిది స్టాఫ్ నొటేషన్. ఐదో గ్రేడు కీబోర్డు అంటే రెండు చేతులతో చదవడం వచ్చినట్టే, నలుగురికి రాయడం రాదు. వయొలిన్, వయోలా, చెల్లోలకి రెండు నిమిషాల ముక్క రాసి, వాయించేవాళ్లని బతిమాలి వాయించుకోవాలి. చెన్నైలో ట్రినిటీ పరీక్షలకి పోయే వయొలిన్ పిల్లలకి కొదవలేదు, బిర్యానీకి వాయిస్తారు. 'ఇది నా వాయిద్యంలో లేదు' అన్న మాట వాడు పంతొమ్మిదేళ్లకే వినేస్తే నాలాగా అద్దె కట్టక్కర్లేదు. మ్యూజ్‌స్కోర్ ఉచితం. చప్పుళ్ల ప్రోగ్రామింగ్‌కి ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ కూడా ఉచితమే. వాడికి మాథ్స్ వచ్చు, మీకు కోడింగ్ వచ్చు. ఆదివారం పూట ఇద్దరూ కూర్చుంటే ఏదో ఒకటి కూస్తుంది.

కొనాల్సింది ఒక చిన్న చేతి రికార్డరు, చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్లు. అంతకుమించి ఏదీ కొనివ్వకండి. కీబోర్డు, మానిటర్లు, గోడకి ఫోము, ఈ జాబితా ఎప్పటికీ అవదు, చప్పుడు మాత్రం ఒక్కటీ పెరగదు. రికార్డరు తీసుకుని తెల్లవారుజామున కోయంబేడు పూల మార్కెట్టుకి వెళ్లమనండి, కాశిమేడులో చేపల వేలానికి వెళ్లమనండి. రైల్వే ప్లాట్‌ఫారం మీద మైకు బయటికి తీస్తే పోలీసులు ఊరుకోరు, అనుమతి అడిగి వెళ్లాలి. మా మాస్టారొకాయన మమ్మల్ని వరండాలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి వినపడినవన్నీ రాయమనేవారు. మొదటి రోజు నేను తొమ్మిది రాశాను. పక్కనున్న అమ్మాయి ముప్పైకి పైగా రాసింది, అందులో నా ఊపిరి కూడా ఉంది.

పని దొరుకుతుందా అన్నది మీ అసలు భయం. దొరుకుతుంది, కానీ 'కంపోజర్ కావలెను' అని ఎవరూ ప్రకటన వేయరు. సినిమాలకి సౌండ్ డిజైన్, యాడ్లు, బెంగళూరులో గేమ్ స్టూడియోలు, మ్యూజియంలు, నాటకం, పాఠాలు చెప్పుకోవడం, ఇవన్నీ కలిపి ఒక బతుకు. చవకరకం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పని ఇప్పటికే ఏ.ఐ. నోట్లోకి పోతోంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ ఒరిగిన పొత్రం టక్కుని పట్టుకునే పని ఇంకా పోలేదు. వాడు ఎవరికి ఏం చేసిచ్చినా కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక సినిమాకి చేసిన సంగీతాన్ని థియేటర్ బయట వాడినందుకు కంపోజర్‌కి వచ్చే రాయల్టీ వాటాని రాసిచ్చేయమని ఎవరూ అడగడానికి లేదు. అయినా అడుగుతూనే ఉంటారు.

నాన్నగారి మాట మిగిలింది. 'ఆ చప్పుళ్లలోనే నా చెవి పోయింది' అన్నది చదివి కాసేపు ఆగిపోయాను. 33 ఏళ్లు షెల్ డివిజన్‌లో ఇనుము మీద ఇనుము విన్న మనిషి. సుత్తితో తట్టి, మోగే తీరుని బట్టి లోపముందో లేదో చెప్పే మనుషులు రైల్వేలో ఉండేవారు. మీ ఇంట్లో సోనిక్ ఆర్ట్స్ మొదలుపెట్టింది మీ తమ్ముడు కాకపోవచ్చు. ఆయనకి బాగా వినపడే చెవి ఏ వైపో చూసి ఆ వైపున వాడిని కూర్చోబెట్టండి, రికార్డరు మధ్యలో పెట్టి. పొద్దున సైరన్ తర్వాత మొదట వినపడేది ఏమిటి, క్రేను వచ్చేటప్పుడు ఎలా ఉండేది, ఏ చప్పుడు ఆగితే అందరూ తలెత్తి చూసేవారు, ఇవి అడగమనండి. మాటల్లో చెప్పలేక నోటితో చేసి చూపిస్తారు, అప్పుడు వాడు మధ్యలో మాట్లాడకూడదు.

ఆ ముక్క పూర్తయ్యాక నాకు పంపమనండి. మూడు నిమిషాలు దాటకూడదు. వేణువు వద్దు.